ఏ ఇబ్బందీ లేదని రాసుకుపోయిన ఆదివారం

నా తమ్ముడికి ఏ ఇబ్బందీ లేదని నెల్లూరు ఆసుపత్రి వాళ్ళు రాశారు. అది తప్పు. ఆ రాతను నమ్మి మా చర్చి సంఘం వాళ్ళు, నా తమ్ముడు మళ్ళీ తాగుతున్నాడని తేల్చి, ప్రభువు బల్లకు దూరం పెట్టారు. అది ఇంకా పెద్ద తప్పు. మొదటిదాన్ని దిద్దితే రెండోది దిద్దుకుంటుందని నేను ఏడాది పొడుగునా ఆసుపత్రికి ఉత్తరాలు రాశాను.

బల్ల అంటే తెలియనివాళ్ళకు చెప్పాలి. మా మందిరంలో నెల మొదటి ఆదివారం రొట్టె ముక్కలు, చిన్న చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం పంచుతారు. బాప్తిస్మం తీసుకుని, నడత సరిగా ఉన్నవాళ్ళే తీసుకోవాలి. ఎవరైనా దారి తప్పారని సంఘ పెద్దలకు అనిపిస్తే, కొన్నాళ్ళు బల్ల దగ్గరికి రావద్దంటారు. మందిరంలోకి రావచ్చు, పాటలు పాడవచ్చు, కానుక కూడా వేయవచ్చు. పళ్ళెం వరసలోకి వచ్చినప్పుడు మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోవాలి. పక్కవాడు ఆ పళ్ళేన్ని మన ముందునుంచి దాటించి అవతలివాడికి అందిస్తాడు. ఊరంతా చూస్తుంది. మాలాంటి చిన్న ఊళ్ళో అంతకంటే పెద్ద శిక్ష పోలీసులు కూడా వేయలేరు.

నా తమ్ముడికి ఆ పళ్ళెం మోసే పని ఉండేది. వాడి జీవితంలో వాడు గర్వపడింది ఆ ఒక్కదానికే. కుర్రతనంలో బాగా తాగేవాడు. జువ్వలదిన్నె హార్బరు దగ్గర పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. పడవ ఒడ్డుకొస్తే మందు, పడవ నీళ్ళలోకి దిగితే మందు. నా మరదలు పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోయి, మళ్ళీ రానంది. అప్పుడు మానేశాడు; ఆమె తిరిగొచ్చింది. మానేసి, బాప్తిస్మం తీసుకుని, చుక్క ముట్టకుండా చాలా ఏళ్ళు గడిపాక ఒకరోజు పాస్టరు గారు వాణ్ణి పిలిచి పళ్ళెం చేతికిచ్చారు. ఆ పొద్దు ఇంటికొచ్చి చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. ఎంత తోమినా గోళ్ళలో గ్రీజు పోలేదని బాధ. ఆ తర్వాత ప్రతి నెలా మొదటి ఆదివారం ముందురోజు కిరసనాయిలుతో, సున్నిపిండితో, నిమ్మచెక్కతో ఒక పూటంతా వేళ్ళు రుద్దుకునేవాడు. మరదలు నవ్వేది, "పెండ్లికొడుకు తయారవతాండాడు బావా," అని.

నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. నేను మూడో తరగతితో ఆగిపోయినవాణ్ణి. కావలికీ నెల్లూరుకీ మధ్య తిరిగే ప్రైవేటు బస్సుల్లో క్లీనరుగా ఎక్కి కండక్టరుగా దిగాను. జనం సీట్లలో వదిలేసి పోయిన దినపత్రికలు, వారపత్రికలు, అప్పుడప్పుడు మొదలో చివరో పేజీలు ఊడిన పుస్తకాలు, అవే నా బడి. అందుకే నాకు చాలా విషయాల మధ్యభాగం బాగా తెలుసు. ఇంకొకటి కూడా తెలుసు: తాగినవాడు. సాయంత్రం సర్వీసులో ఎన్ని రకాల తాగినవాళ్ళను ఎక్కించుకున్నానో లెక్కలేదు. తాగినవాడు తూలకూడదని చూస్తాడు. ఒళ్ళు దగ్గర పెట్టుకుని మెట్టు మీద అడుగు చాలా మర్యాదగా వేస్తాడు. ఎక్కాక ఎవరో ఒకరితో మాట్లాడి తీరాలి వాడికి. దెబ్బ తిన్న నా తమ్ముడు మాటలే వద్దనేవాడు. గోడను ముట్టుకుంటూ నడిచేవాడు. ఈ తేడా చెబితే ఒక్కరూ వినలేదు. అన్నను కదా, వెనకేసుకొస్తున్నాననుకున్నారు.

కిందటేడు ఎండాకాలంలో, హైవే పక్కన సర్వీసు రోడ్డు మీద, వాడి మోపెడ్‌కు గేదె అడ్డం వచ్చింది. పడ్డాడు. హెల్మెట్ హ్యాండిలుకు వేలాడుతూ ఉంది; దానికి గీత కూడా పడలేదు. తల పక్కభాగం రోడ్డుకు కొట్టుకుంది. కాసేపు పిలిచినా పలకలేదట. తర్వాత లేచి కూర్చుని, "గేదెకేమన్నా అయిందా?" అని అడిగాడట. ఏమీ కాలేదని చెప్పారట. మళ్ళీ, "గేదెకేమన్నా అయిందా?" నేను నెల్లూరు ఆసుపత్రికి చేరేసరికి కూడా అదే అడుగుతున్నాడు. పక్క మంచం మీద ఉన్నతను విసిగిపోయి, "నీ గేదె పాలు కూడా ఇస్తాండాదిలే, పడుకో సామీ," అన్నాడు. మేమంతా నవ్వాం. అప్పుడు నవ్వగలిగాం.

స్కానింగు తీశారు. డాక్టరు ఫిల్ము ఎత్తి చూపించి, "పెద్దాయనా, లోపల రక్తం కారలేదు, ఎముక చెదరలేదు. స్వల్ప గాయం. మీ తమ్ముడు అదృష్టవంతుడు," అన్నాడు.

స్వల్ప గాయం అన్న ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. ఎవరికి స్వల్పం? ఫిల్ములో చూసేవాడికి స్వల్పం. ఆ తలను మోసుకుంటూ బతకాల్సినవాడికి ఆ మాట ఎందుకూ పనికిరాదు. పైగా చెడుపు చేస్తుంది. పెద్ద దెబ్బ తగిలినవాడు ఏం చేసినా జనం ఓర్చుకుంటారు. స్వల్పమని పేరు పెట్టారా, ఇక వాడు చేసే ప్రతి తప్పూ వాడి గుణం కిందికి పోతుంది.

ఆసుపత్రినుంచి వచ్చేసే రోజు ఒక అమ్మాయి మంచం దగ్గరికి వచ్చింది. ఇలాంటి స్వల్ప గాయాలు తగిలినవాళ్ళు ఇంటికి పోయాక రోజులు ఎలా నెట్టుకొస్తున్నారో కొలుస్తున్నామని, కొన్ని నెలల తర్వాత ఇంటికే వచ్చి ప్రశ్నలు అడుగుతామని చెప్పింది. మంచి పనే అనిపించింది నాకు. ఇంటికి పంపేశాక మనిషి ఎలా ఉన్నాడని అడిగే ఆసుపత్రి ఉందని నేనెప్పుడూ వినలేదు. తమ్ముడు సంతకం పెట్టాడు.

ఇంటికొచ్చాక మొదలైంది. ముందు మిక్సీ. మరదలు చట్నీకి మిక్సీ వేస్తే వాడు రెండు చేతులతో చెవులు మూసుకుని వీధిలోకి పోయేవాడు. జీవితమంతా డీజిల్ ఇంజను పక్కన గడిపిన మనిషి! ఆమె పక్కింటికి పోయి రుబ్బుకుని తెచ్చుకోవడం మొదలుపెట్టింది. తర్వాత మాటలు. నేనొకటి, మరదలొకటి అంటే ఇద్దరి మాటా అందేది కాదు. ఒక్కరే మాట్లాడాలి, అదీ నిదానంగా. సబ్బు తెస్తానని అంగడికి బయల్దేరి, దారిలో కల్వర్టు మీద కూర్చుని ఉండిపోయేవాడు. ఎందుకొచ్చాడో గుర్తుండేది కాదు. అడగడానికి సిగ్గు. పొద్దున పూట మామూలుగానే ఉండేవాడు. ఎండ ముదిరేసరికి ముఖం వాడిపోయి గోడ పట్టుకునేవాడు. ఒకరోజు కూరలో ఉప్పు లేదని కంచం విసిరేశాడు. తాగే రోజుల్లో కూడా అన్నం విసిరిన మనిషి కాదు. విసిరేసి, మెతుకులు ఏరుతూ ఏడ్చాడు.

మరదలు నాతో అంది: "మనిషి ఇంట్లోనే ఉండాడు బావా. పిలిస్తే మాత్రం యాడనో దూరాన్నుంచి వస్తాండాడు."

ఇన్ని పుస్తకాలు చదివినా నాకు అంత బాగా చెప్పడం రాదు.

ఇదంతా జరుగుతుండగానే సాక్ష్యం వచ్చిపడింది. మా వాళ్ళలో చావు తప్పి బయటపడ్డవాడు మందిరంలో ముందుకొచ్చి నిలబడి, దేవుడు తనకేం చేశాడో చెప్పాలి. చెప్పకపోతే కృతజ్ఞత లేనివాడి కింద లెక్క. ఇంకో సంగతి, ఇది బయటివాళ్ళకు అర్థం కాదు: మా దగ్గర సాక్ష్యం జరిగిపోయినదాని గురించే చెప్పరు. జరుగుతుందని నమ్మినదాన్ని కూడా జరిగిపోయినట్టే చెబుతారు. అలా చెప్పడమే విశ్వాసం. అందుకని నా తమ్ముడు అబద్ధమాడాడని నేను ఒక్కనాటికీ అనను. వాడు మైకు పట్టుకుని, ఫ్యాన్లు తిరుగుతుంటే, ట్యూబులైట్ల వెలుగుకు కళ్ళు చిట్లించుకుని చెప్పాడు: "ప్రభువు నన్ను సంపూర్ణంగా స్వస్థపరిచినాడు. దెబ్బ తగిలిన గుర్తు కూడా లేకుండా చేసినాడు. నాకు ఏ ఇబ్బందీ లేదు."

ఆమెన్ అన్నారందరూ. ముందు వరసలో కూర్చునే ఒక పెద్దమ్మ, కడుపులో గడ్డకు మందులు వాడుతూ, ఆశ వదిలేసి అన్నం మానేసిన మనిషి, లేచి నిలబడి చేతులెత్తి ఏడ్చింది. నీకయింది గదా నాయనా, నాకూ అవుతుంది అంటూ వాడి చేయి పట్టుకుని వదల్లేదు.

ఆసుపత్రి అమ్మాయి ఆ తర్వాత కొన్నాళ్ళకు వచ్చింది. ఆదివారం వచ్చింది. మామూలు రోజుల్లో వస్తే మగవాళ్ళు పనుల్లో ఉంటారని, ఆదివారమైతే అందరూ దొరుకుతారని వాళ్ళ ఆలోచన. దొరికారు. అందరూ దొరికారు. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారికి, ఇద్దరు సంఘ పెద్దలకు ఒక్కో ఇంట్లో భోజనం పెట్టడం మా ఊరి వరస. ఆ వారం వంతు నా తమ్ముడిది. చాప మీద అరిటాకులు, కోడికూర, ఇంటి నిండా మనుషులు. ఆ మధ్యలోకి ఆ అమ్మాయి చెమటలు కారుతూ, భుజాన సంచీతో, చేతిలో ట్యాబ్‌తో వచ్చి నిలబడింది.

"ముందు నాలుగు మెతుకులు తినుమ్మా," అన్నాడు పెద్దల్లో ఒకాయన.

"వద్దండీ, ఇంకా రెండు ఊళ్ళు తిరగాలి. పేషెంటుతో కొంచెం విడిగా మాట్లాడొచ్చా?"

"విడిగా ఎందుకమ్మా? మేమంతా ఒకటే కుటుంబం," అన్నారు పాస్టరు గారు. మంచి మనిషి ఆయన. నిజంగానే అన్నారు. ఆమె చుట్టూ చూసింది. ఆ ఇంట్లో ఉన్నది ఒక గది, ఒక వంటిల్లు. బయట ఎండ మండిపోతోంది. కుర్చీలో కూర్చుంది.

"గడిచిన నెలలో ఒక పని మీద కాసేపు దృష్టి పెట్టడంలో మీకెంత ఇబ్బంది అయింది? ఏమీ లేదు, కొంచెం, ఓ మోస్తరు, చాలా, అసలు చేయలేకపోయాను. వీటిలో ఒకటి చెప్పండి."

నా తమ్ముడు పాస్టరు గారి వైపు చూశాడు. ఆయన ముద్ద కలుపుతూ నవ్వారు.

"ఏ ఇబ్బందీ లేదమ్మా."

"చేయాల్సిన పనులు గుర్తుపెట్టుకోవడంలో?"

"ఏ ఇబ్బందీ లేదు. దేవుని కృప."

"దేవుని కృప అని కూడా రాసుకోమ్మా," అన్నాడు పెద్దాయన.

"అంకుల్, దానికి ఇందులో గడి లేదండీ."

అంతా నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వింది.

"కొత్తవాళ్ళతో మాట్లాడటంలో?"

"నీతో మాట్లాడతానే ఉండాడు గదమ్మా!" అన్నాడు రెండో పెద్దాయన. మళ్ళీ నవ్వులు.

నేను ఉండబట్టలేక, "అమ్మా, మిక్సీ సంగతి అడుగు. అంగడికి పోయి ఎందుకు పోయినాడో మరిచిపోయి వస్తాండాడు, అది అడుగు," అన్నాను.

"పెద్దాయనా, ఆయన్నే చెప్పనివ్వండి. వేరేవాళ్ళు చెప్పింది నేను రాయకూడదు," అంది.

"నువ్వుండన్నా," అన్నాడు తమ్ముడు నాతో. గట్టిగా అన్నాడు.

మరదలు వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి ఉంది. ఆమెను ఎవరూ అడగలేదు. ఇంటిపనులు, స్నానం, బట్టలు వేసుకోవడం, నడవడం, నిలబడటం, నలుగురిలో కలవడం, రోజూ చేసే పని. అన్నిటికీ ఒకటే జవాబు. సగంలో వాడు కళ్ళు మూసుకున్నాడు. ప్రార్థనాపరుడు అనుకుని ఉంటుంది ఆ అమ్మాయి. తల తిరగడం మొదలైందని నాకూ మరదలికీ తెలుసు. కుర్చీ చేతిని పట్టుకున్న వాడి వేళ్ళు తెల్లబడ్డాయి. ఆమె ట్యాబ్‌లోకి చూస్తోంది.

ప్రశ్నలు చెడ్డవి కావు. ఇది నేను న్యాయంగా చెప్పాలి. ఆ ప్రశ్నలు తయారుచేసినవాళ్ళెవరో బాగా ఆలోచించారు; దృష్టి, జ్ఞాపకం, మనుషులతో కలవడం, నా తమ్ముడిలో చెడింది సరిగ్గా అదే. వాటిని వాడి సాక్ష్యం విన్నవాళ్ళ ముందు కూర్చోబెట్టి అడగడం దగ్గర అంతా పోయింది. ఆ గదిలో 'కొంచెం ఇబ్బంది ఉంది' అని ఒక్కసారి అంటే, మందిరంలో చెప్పినదంతా వెనక్కి తీసుకున్నట్టే. సోమవారం వచ్చి, హార్బరు దగ్గర ఒక్కణ్ణే కూర్చోబెట్టి అడిగి ఉంటే చెప్పేవాడేమో. ఈ 'ఏమో' నన్ను ఇప్పటికీ తినేస్తోంది.

వారం తిరక్కుండా ఫోనుకు కాగితం వచ్చింది. రోజువారీ జీవితంలో ఇబ్బంది: లేదు. పాస్టరు గారు దాన్ని ఆరాధనలో ఫోను ఎత్తి పట్టుకుని చదివారు. వైద్యులే ఒప్పుకున్నారన్నారు. చప్పట్లు మోగాయి. నా తమ్ముడు తల దించుకుని చెవుల మీద అరచేతులు పెట్టుకున్నాడు. వినయం అనుకున్నారు.

ఆ కాగితం చూసి పడవలవాళ్ళు పని ఇచ్చారు. ఇంజను విప్పడం బాగానే విప్పాడు. కొత్త ఆయిలు పోసేముందు కింద బోల్టు బిగించాలి. వేలితో తిప్పి ఎక్కించాడు, స్పానరు అందుకోబోతుంటే ఎవరో పలకరించారు, అంతే. స్పానరు మళ్ళీ చేతిలోకి రాలేదు. పడవ నీళ్ళలోకి పోయింది. ఆయిలంతా కారి, ఒడ్డు కనబడనంత దూరంలో ఇంజను పట్టేసింది. ఉన్న ముగ్గురూ గాలివాటుకు కొట్టుకుపోతూ ఉండగా ఇంకో పడవవాళ్ళు తాడేసి లాక్కొచ్చారు.

ఒడ్డున దిగినవాళ్ళలో ఒకడు నా తమ్ముడి దగ్గరికొచ్చి, ముఖంలో ముఖం పెట్టి వాసన చూశాడు. "ఏందన్నా, ఆయిలు ఇంజనుకు పోయమంటే నువ్వు పోసుకున్నావా?"

హార్బరు హార్బరంతా నవ్వింది. వాసన రాలేదని ఆ పడవవాడు చెప్పలేదు. వచ్చిందని కూడా చెప్పలేదు. ఆ మాట చాలు, సాయంత్రానికి ఊరంతా చేరింది. పాత తాగుబోతు గనక నమ్మడానికి ఎవరికీ కష్టం కాలేదు.

తర్వాతి మొదటి ఆదివారం పళ్ళెం ఇంకా వాడి చేతిలోనే ఉంది. ముందురోజు గోళ్ళు తోముకున్నాడు కూడా. పోవద్దురా, ఒంట్లో బాగలేదని చెప్పు అన్నాను. విన్లేదు. కొత్తగా పెట్టిన స్పీకర్లు, జనం పాట, మధ్యాహ్నం కావస్తున్న ఎండ. ముందు వరస సగంలోకి వచ్చేసరికి గ్లాసులు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేయడం మొదలుపెట్టాయి. వాడు ఆగి, బెంచీ అంచు పట్టుకోబోయాడు. పళ్ళెం ఒరిగి ద్రాక్షరసం ముందు వరస పెద్దమ్మ తెల్లచీర మీద పడింది. పాట ఆగిపోయింది.

"ఉతికితే పోతుందిలే నాయనా," అంది పెద్దమ్మ. ఆమె ఒక్కతే మాట్లాడింది.

పెద్దలు ఆ సాయంత్రమే పిలిపించారు. నేనూ వెళ్ళాను.

"ఆసుపత్రోళ్ళేమో బాగుండాడని రాసిచ్చిరి. నువ్వేమో బాగయినానని సాక్ష్యం చెప్తివి. మరి ఈ తూలుడేందయ్యా?"

నా తమ్ముడు పడకుండా గోడకు ఆనుకున్నాడు.

నేను చెప్పాను. తాగినవాడు ఎలా నడుస్తాడో, వీడెలా నడుస్తున్నాడో చెప్పాను. తలకు దెబ్బ తగిలితే పైకి కనబడకుండా ఇలాంటివి ఉంటాయని పేపర్లో చదివానని చెప్పాను.

"పేపర్లో చదివింది నువ్వు. పరీక్ష చేసింది వాళ్ళు," అన్నాడు పెద్దాయన. "నీ తమ్ముడికి ఇబ్బంది ఉందని ఆసుపత్రివాళ్ళ చేత రాయించుకు రాపో. ఈ పొద్దే పళ్ళెం తిరిగిచ్చేస్తాం. లేదా, తాగినానని ఒప్పుకుని పశ్చాత్తాపపడమను, దానికైనా దారి ఉంది. రెండూ లేకుండా మేమేం చేసేది?"

పాస్టరు గారు ఆఖరికి నా తమ్ముణ్ణే అడిగారు. "చెప్పు నాయనా. నీకేమన్నా ఇబ్బంది ఉందా?"

"లేదయ్యగారూ," అన్నాడు వాడు. "తాగలేదు. ఇబ్బందీ లేదు."

బల్లకు రావద్దన్నారు.

బయటికొచ్చాక నేను వాణ్ణి రోడ్డు మీదే నిలబెట్టి తిట్టాను. "బాగలేదని ఒక్క మాట చెప్పడానికి నీకేం రోగంరా?"

"చెప్తే ఏమవుద్ది? దేవుడు బాగుచేయలేదని చెప్పినట్టే గదన్నా."

"దేవుణ్ణెవడన్నాడ్రా? బాగుచేస్తాండాడు, టైము పడతాండాది అని చెప్పు."

"నేనట్టా చెప్పలేదు గదా. సంపూర్ణంగా అన్నాను. గుర్తు కూడా లేదన్నాను. అది విని పెద్దమ్మ మళ్ళీ అన్నం తింటాండాది. ఇప్పుడు పోయి ఆమెకేం చెప్పేది, నేనన్నది ఉత్తదే అనా?" మాటలు వెతుక్కుంటూ మళ్ళీ అన్నాడు. "తాగినాననుకుంటే అనుకోనీ. ఒకప్పుడు తాగినోణ్ణే గదా, ఆ నింద నాకు కొత్త గాదు. ఆ సాక్ష్యం మాత్రం నేను వెనక్కి తీసుకోను. ఎవరడిగినా సరే."

ఇంక నేను వాణ్ణి అడగలేదు. వాడి నోటితో పనిలేకుండా ఆసుపత్రే తన తప్పు దిద్దుకోవాలని నిశ్చయించుకున్నాను. ఉత్తరం రాశాను. ఆ రోజు గదిలో ఎవరెవరున్నారో, ఎవరే మాటన్నారో, మిక్సీ, సబ్బు, కల్వర్టు, బోల్టు, పళ్ళెం, అన్నీ వరసగా రాశాను. మీరు కొలిచింది నా తమ్ముడి తలను కాదు, వాడి విశ్వాసాన్ని. దానికి నిండుగా మార్కులు వేసి తల బాగుందని రాశారు అన్నాను. ఇంట్లో రోజూ చూసే భార్యను ఒక్క ప్రశ్న అడగని కొలత ఏం కొలత అన్నాను. కోపంలో కొన్ని మాటలు పెద్దవే పడ్డాయి. కొట్టేయలేదు.

జవాబు రాలేదు. నెల్లూరు పోయాను. ఆ అమ్మాయి ఉద్యోగం మానేసి వెళ్ళిపోయిందట. కౌంటరులో ఉన్న కుర్రాడు, "తాతా, ఆ వివరాలన్నీ పైకి పోయినాయి. ఇప్పుడు మార్చలేం," అన్నాడు. పైకి అంటే ఎక్కడికని అడిగితే వాడికీ తెలియదు. ఇంకో ఉత్తరం రాశాను, రిజిస్టరు పోస్టులో. ఆ తర్వాత ఇంకొకటి. మా ఊరి పోస్టుమాన్ నన్ను చూస్తే, "ఏం మామా, ఆసుపత్రోళ్ళు పిల్లనిస్తామన్నారా?" అనేవాడు.

ఈలోగా రోజులు ఆగలేదు. హార్బరులో ఎవరూ ఇంజను ముట్టనివ్వరు. తమ్ముడు పొద్దున చల్లపూట వలల దగ్గర కూర్చుని చిరుగులు కడతాడు. అది నిశ్శబ్దంగా ఉండే పని, ఒకదాని తర్వాత ఒక ముడి, మాట్లాడించేవాళ్ళు లేకపోతే బాగానే చేస్తాడు. ఎండెక్కితే ఇంటికొచ్చి కిటికీ మూసి పడుకుంటాడు. మరదలు రొయ్యలు వలిచే షెడ్డుకు పోతోంది. మొదటి ఆదివారం మాత్రం వాడు మానకుండా మందిరానికి వస్తాడు. చివరి బెంచీలో, తలుపు పక్కన. పళ్ళెం ఇప్పుడు వేరేవాళ్ళు మోస్తున్నారు. అది మా వరసకు వచ్చినప్పుడు నేనూ తీసుకోవడం మానేశాను. వాడికది నచ్చదు. "నువ్వు తీసుకోన్నా, నాకోసం నీ ఆత్మకెందుకు నష్టం," అంటాడు గుసగుసగా. నేను పళ్ళేన్ని అవతలివాడికి అందిస్తాను. ఇద్దరు ముసలివాళ్ళం చేతులు ముడుచుకుని కూర్చుంటాం.

నాకు పాస్టరు గారి మీద కోపం లేదు. ఆ అమ్మాయి మీద మొదట్లో ఉండేది, ఇప్పుడు లేదు. ఆమెకిచ్చిన పని ఆమె చేసింది. ఆ రోజు తమ్ముడి ఇంట్లో ఉన్నవాళ్ళంతా నా తమ్ముడి మంచి కోరినవాళ్ళే. అంతమంది మంచి కోరినవాళ్ళ మధ్య వాడికి నిజం చెప్పుకోవడానికి చోటు లేకపోయింది. దుర్మార్గుడు ఎవడైనా ఉండుంటే బాగుండేది. వాణ్ణి తిట్టుకుని నిద్రపోయేవాణ్ణి.

పోయిన వారం జవాబు వచ్చింది. ఆసుపత్రి ముద్ర ఉన్న కవరు, లోపల ఒకే కాగితం. తమ్ముడికి ఇంకా చూపించలేదు. మొత్తం ఇక్కడ ఎత్తి రాస్తున్నాను:

"అయ్యా, మీ ఉత్తరాలన్నీ అందాయి. ఆలస్యానికి మన్నించండి. మీరు రాసిన లక్షణాలు స్వల్ప తలగాయం తర్వాత కొందరిలో చాలాకాలం ఉండేవే. మీ మాటను మేము అనుమానించడం లేదు. అయితే మా పద్ధతిలో గాయపడిన వ్యక్తి స్వయంగా చెప్పిన జవాబే కొలత. దాని బదులు కుటుంబ సభ్యులు చెప్పినది తీసుకోలేము. మీ తమ్ముడు గారిని ఈసారి ఒంటరిగా కూర్చోబెట్టి మళ్ళీ పరీక్షించడానికి, ఇబ్బంది ఉన్నట్టు తేలితే ఆ మేరకు పత్రం ఇవ్వడానికి మేము సిద్ధంగా ఉన్నాము. అందుకు ఆయన స్వయంగా వచ్చి, తాను మొదట చెప్పిన జవాబులు నిజం కావని రాసి సంతకం చేయాలి. ఆయనను ఏ రోజు తీసుకువస్తారో తెలియజేయగలరు."